స్కెచ్ దశలో పర్యావరణ భారం: పూర్తి ఎల్‌సీఏనా, చేతి లెక్కా?

డిజైన్ ఇంకా కాగితం మీద ఉండగానే దాని పర్యావరణ భారం ఎలా కొలవాలని విశాఖలో డిజైన్ విద్యార్థులు, చిన్న తయారీదారులు తరచూ అడుగుతున్నారు. పూర్తి ఎల్‌సీఏ (లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, అంటే ముడిసరుకు నుంచి పారేసేదాకా వస్తువు మోపే భారం లెక్క) చేయించాలా, బరువును ఉద్గార గుణకంతో (కిలో పదార్థానికి వెలువడే కార్బన్ డయాక్సైడ్ కిలోలతో) హెచ్చవేసే చేతి లెక్క సరిపోతుందా?

ఎల్‌సీఏలో కార్బన్ ఒక్కటే కాదు, నీటి వాడకం, విషపదార్థాలు కూడా తేలతాయి. మా సరుకు పోటీ సరుకు కంటే మేలని బయట ప్రకటించాలంటే ఐఎస్‌ఓ 14044 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎల్‌సీఏనే చేయాలి, నిపుణుల బృందం దాన్ని సమీక్షించాలి. కానీ అది విడిభాగాల జాబితా, ఫ్యాక్టరీ కరెంటు, రవాణా దూరాలు అడుగుతుంది. అవి చేతికొచ్చేసరికి డైలు (భాగాలకు ఆకారమిచ్చే అచ్చులు) తయారైపోయి ఉంటాయి. ఇక అంకెలు లేకుండా అవును, కాదు అని టిక్కులు పెట్టుకునే చెక్‌లిస్టులు తొలిరోజు చర్చకు పనికొస్తాయి, అంతే.

అందుకే ఈ దశలో చేతి లెక్కే మేలు. అయితే లెక్క ఒక వస్తువుకు కాదు, అది చేసే ఇన్నేళ్ల సేవకు వేయాలి.

బీచ్ రోడ్డులో వేసే బెంచీ ఫ్రేము చూడండి. స్టీలు 12 కిలోలు, కిలోకు సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున దాదాపు 28 కిలోలు. అల్యూమినియం 6 కిలోలే, కానీ ఖనిజం నుంచి తీసినదైతే కిలోకు సుమారు 16, మొత్తం 96. (తుక్కు కరిగించినదైతే చాలా తక్కువ. సరఫరాదారు రాసిస్తేనే ఆ అంకె వాడండి.) స్టీలే నయమనిపిస్తుంది. కానీ ఉప్పుగాలిలో స్టీలు మీది పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) గీసుకుపోయిన చోట, వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. నాలుగేళ్లకోసారి మార్చాల్సి వస్తే 15 ఏళ్లకు నాలుగు ఫ్రేములు, అంటే 112. ఇప్పుడు అల్యూమినియం నెగ్గింది. అదే స్టీలుకు హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత) చేయించి ఎనిమిదేళ్లు నిలబెడితే రెండు ఫ్రేములే. జింకు భారం కలిపినా 96 లోపే ఉంటుంది.

గుణకాలు అవే, మారింది ఆయుష్షు. ఆ అంకెను ఊహించకండి. అదే తీరంలో గేట్లు, రెయిలింగులు ఎన్నేళ్లకు పాడయ్యాయో వాటిని చూసుకునేవాళ్లను అడగండి. తక్కువ, ఎక్కువ ఆయుష్షులు రెండింటితోనూ లెక్క వేయండి. ఫలితం తారుమారైతే ముందు ఆ అంకె తేల్చుకోండి.

సాధారణంగా జరిగే తప్పులు రెండు. డ్రాయింగులోని నికర బరువే తీసుకుని, కోతలో పోయే షీటును వదిలేయడం ఒకటి. వాడకంలో అయ్యే కరెంటు మరవడం రెండోది. సీలింగ్ ఫ్యాను 75 వాట్ల నుంచి 28కి తగ్గితే ఏటా 3000 గంటలకు 141 యూనిట్లు మిగులుతాయి. యూనిటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున దాదాపు వంద కిలోలు. అక్కడ ముందు తేల్చాల్సింది మోటారు, బాడీ లోహం తర్వాత.