స్టెబిలైజేషన్ అనాలసిస్ త్వరగా అవ్వాలంటే ఏది మేలు: కొత్త కార్డా, కోసి చిన్నది చేయడమా, గైరోఫ్లోనా?

దసరా వెళ్లి పెళ్లిళ్లు మొదలయ్యాయంటే విజయవాడ, గుంటూరు మిత్రుల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, స్టెబిలైజ్ పెడితే అనాలసిస్ దగ్గరే గంటలు కూర్చుంటోంది, గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే తగ్గుతుందా?" గవర్నర్‌పేటలో కార్డు రేట్లు కనుక్కుని వచ్చాక అడిగేవాళ్లూ ఉన్నారు. స్టెబిలైజ్ అంటే వీడియోలో వణుకు తీసేయడం, అనాలసిస్ అంటే దానికి ముందు కంప్యూటర్ ఫ్రేము ఫ్రేముకీ కదలికని లెక్కకట్టడం. అందుకే డబ్బు కట్టకముందే ఇది చదవండి.

మీరు కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వాడినా, నేరుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ టూల్‌లో రెండు పాసుల పద్ధతి (ముందు అనాలసిస్, తర్వాత సరిచేయడం) నడిపినా, వెనక పనిచేసేది విడ్‌స్టాబ్ అనే ప్రోగ్రామే. అది ఫ్రేములో అక్కడక్కడా చిన్న గడులు తీసుకుని, తర్వాతి ఫ్రేముకి అవి ఎటు జరిగాయో వెతుకుతుంది. ఆ వెతుకులాట మొత్తం ప్రాసెసర్ పనే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అందులో వేగం రాదు. కార్డు మహా అయితే వీడియోని డీకోడ్ చేయడంలో (కుదించిన ఫైలుని విప్పడంలో) సాయపడుతుంది, ఆ పని కూడా ఇంటెల్ 7వ తరం నుంచి ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్సే చేస్తుంది, 10 బిట్ హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌తో సహా (పేరు చివర ఎఫ్ ఉన్న చిప్‌లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, చూసుకోండి). డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్ల సంగతి వేరు. ఆ సాఫ్ట్‌వేరే గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి వాళ్లకి ఆ ఖర్చు ఎడిటింగ్ అంతటా పనికొస్తుంది.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే, అనాలసిస్‌కి ఎంత మేత వేస్తున్నాం అన్నది. ఎదురు సన్నాహం 20 నిమిషాలు ఆపకుండా తీశారనుకోండి, ఫైనల్ వీడియోలో ఉండేది 3 నిమిషాలు. సెకనుకి 30 ఫ్రేములైతే 20 నిమిషాలంటే 36,000 ఫ్రేములు, 3 నిమిషాలంటే 5,400. చాలామంది క్లిప్ మొత్తానికి స్టెబిలైజ్ పెట్టేసి ఆ తర్వాత కట్ చేస్తారు, అంటే పారేసే 17 నిమిషాలకి కూడా కంప్యూటర్ చెమటోడుస్తుంది. ముందు కట్ చేయండి, అటూ ఇటూ ఒక సెకను వదిలి. ఇక పిక్సెళ్ల లెక్క. 4కేలో ఒక ఫ్రేము అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, 1080 (ఫుల్ హెచ్‌డీ)లో 21 లక్షల లోపు, సరిగ్గా నాలుగో వంతు. ఇంట్లో టీవీలోనో వాట్సాప్‌లోనో చూసే వీడియోకి 1080 చాలు అనుకుంటే, కట్ చేసిన ముక్కని మంచి క్వాలిటీతో ఒకసారి 1080 ఫైలుగా మార్చి, అనాలసిస్, స్టెబిలైజ్ రెండూ దాని మీదే చేయండి. రెండూ కలిపితే చూడాల్సిన పిక్సెళ్లు 26వ వంతు కంటే తక్కువకి వస్తాయి. అంత తేడా ఏ కార్డూ ఇవ్వదు.

ఒక జాగ్రత్త: చిన్న ఫైలు మీద అనాలసిస్ చేసి ఆ ఫలితాన్ని 4కే ఫైలుకి తగిలిస్తే కుదరదు, కదలికలు పిక్సెళ్లలోనే రాసి ఉంటాయి కాబట్టి. 4కే అవుట్‌పుటే కావాలంటే కట్ చేయడంతో సరిపెట్టుకోవాలి. విడ్‌స్టాబ్ సెట్టింగుల్లో కూడా కొంత వేగం వస్తుంది. ఆక్యురసీ (ఎంత నిశితంగా వెతకాలో చెప్పేది) ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మామూలుగానే 15 మీద, అంటే గరిష్ఠం మీద ఉంటుంది, 9కి దించి పది సెకన్ల ముక్క మీద తేడా చూడండి, నాకైతే మామూలు నడక వీడియోలో కనబడదు. షేకీనెస్ (వీడియో ఎంత వణుకుతోందో చెప్పేది) మాత్రం ఊరికే 10 పెట్టకండి, అది పెరిగేకొద్దీ ఎక్కువ దూరం వెతకాలి, నెమ్మదిస్తుంది.

గైరోఫ్లో అనే సాఫ్ట్‌వేర్ దారి వేరు. కెమెరా లోపలి గైరో (తిరుగుడుని కొలిచే సెన్సర్) రికార్డు చేసిన తిరుగుడుని తీసుకుని సరిచేస్తుంది, బొమ్మని పోల్చే పని చాలా కెమెరాలకి అసలు అక్కర్లేదు, కాబట్టి ఎదురుచూపే ఉండదు. ఉచితం కూడా. గోప్రో, ఇన్‌స్టా360, సోనీ జడ్‌వీ-ఈ10 లాంటివి ఉన్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా ఇదే వాడాలి. ఇంద్రకీలాద్రి మీద భవానీల రద్దీలో, పున్నమి ఘాట్ దగ్గర నీళ్ల మీద తీసిన వీడియోలకి మరీ మంచిది, ఎందుకంటే ఫ్రేము నిండా మనుషులో నీళ్లో కదులుతుంటే బొమ్మని చూసి లెక్కకట్టే పద్ధతి ఏది కెమెరా కదలికో తేల్చుకోలేక తడబడుతుంది. అయితే కెమెరాలోని స్టెబిలైజేషన్ ఆపి తీయాలి. నడిచేటప్పుడు అడుగుకీ అడుగుకీ పైకీ కిందికీ ఊగేది గైరోకి తెలియదు, అది అలాగే మిగులుతుంది. ఫోన్లలో మామూలు కెమెరా యాప్‌తో తీసిన వాటిలో సాధారణంగా గైరో డేటా ఉండదు, కాబట్టి ఎక్కువమందికి మళ్లీ పైన చెప్పిన కోతే దిక్కు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మీద గంటసేపు అనాలసిస్ పెడితే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అదే పని తెల్లవారుజామున పెట్టండి, వెనక భాగం కాస్త ఎత్తి, ఫ్యాన్ దుమ్ము తీయించి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ సగమే వాడుతున్నట్టు కనిపిస్తే రెండు క్లిప్‌లు ఒకేసారి నడపండి, ఇప్పటికే 95 శాతం దాటి ఉంటే వద్దు.

ఎస్ఎస్‌డీ వేస్తే? 4కే ఫోన్ వీడియో నిమిషానికి 350 ఎంబీ అనుకున్నా సెకనుకి 6 ఎంబీ కూడా లేదు, పాత హార్డ్ డిస్కే తీరిగ్గా ఇస్తుంది. ర్యామ్ 8 నుంచి 16కి పెంచితే ఎడిటింగ్ హాయిగా ఉంటుంది, అనాలసిస్‌కి ఒరిగేది లేదు.