టవల్ వార్మర్: మూడు వానాకాలాల తర్వాత

విజయవాడ పటమటలో మా ఫ్లాట్ బాత్‌రూమ్ కిటికీ పక్క బిల్డింగ్ గోడ వైపు ఉంటుంది. ఎండ పొడ రాదు. జూలై నుంచి అక్టోబరు దాకా తువ్వాలు ఆరదు, రెండో రోజుకే ముక్కవాసన. ఆ తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోవడం అమ్మకి అస్సలు పడదు. అందుకే 2022 జూలైలో 80 వాట్ల టవల్ వార్మర్ కొన్నాను. గోడకి బిగించే స్టీలు రాడ్ల చట్రం, లోపల చిన్న హీటింగ్ ఎలిమెంట్, అంతే.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు గీజర్ సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. బల్బు వెలగలేదు. "సార్, ఎర్త్ హోల్ ఉంది గానీ వెనక వైరు లేదు" అన్నాడు. అంటే కరెంటు లీకైతే నేలలోకి పోయే దారే లేదు. అప్పటికి తొమ్మిదేళ్లుగా మా గీజర్ ఆ సాకెట్ మీదే నడుస్తోంది. అమ్మ రోజూ అక్కడే స్నానం చేస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వార్మర్ పని ఆపేసి ముందు మెయిన్ బోర్డు నుంచి ఎర్త్ వైరు లాగించాం, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. ఎంసీబీ ఉంది కదా, ఇది ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాపాడదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని చూస్తుంది. తేడా వస్తే రెప్పపాటులో లైను కట్ చేస్తుంది.

మొదటి వారం ఆర్‌సీసీబీ ఊరికే పడిపోయి లైను కట్ చేసేది. తీసేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. మా ఇంట్లో ఇన్వర్టర్ లైను న్యూట్రల్, మెయిన్ లైను న్యూట్రల్ ఒకచోట కలిపేశారు. కరెంటు ఒక దారిన వెళ్లి వేరే దారిన వస్తుంటే అది పడిపోక ఏం చేస్తుంది? రెండూ విడదీశాక మళ్లీ ఇబ్బంది లేదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూస్తాను.

ఎక్కడ బిగించాలన్నది ఇంకో సంగతి. వార్మర్‌తో వచ్చిన కాగితంలో షవర్ నుంచి కనీసం 60 సెంటీమీటర్లు అని ఉంది, బొమ్మలో మాత్రం బాత్‌టబ్ గీశారు. మనం బకెట్, చెంబుతో పోసుకుంటాం, నీళ్లు చుట్టూ గోడల మీద చిందుతాయి. అందుకే కొలత పక్కనపెట్టి, నీళ్లు నేరుగా పడని తలుపు పక్క గోడ ఎంచుకున్నాను. అయినా తుంపర్లు పడతాయని ఐపీ44 రేటింగ్ ఉన్నదే తీసుకున్నాను. వార్మర్‌కి బాత్‌రూమ్ లోపల ప్లగ్గు, సాకెట్ ఏవీ లేవు. వైరు గోడలోంచి బయటికి వెళ్లి, ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే స్విచ్‌కి కలుస్తుంది. తడి చేత్తో ముట్టుకునే పనే లేదు. టైల్ దాటేదాకా డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెట్టనివ్వకండి, టైల్ పగులుతుంది. గోడలో గీజర్ పైపు ఎటు పోతోందో ముందే చూపించండి.

పనితనం సంగతికొస్తే, పల్చటి చేనేత తువ్వాలు గంటన్నరలో ఆరుతుంది. మందపాటి టర్కీ టవల్‌కి నాలుగు గంటలు. మడత పెట్టి వేస్తే లోపలి పొర తడిగానే ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి, లేకపోతే తువ్వాలులో తడి గోడలకి పడుతుంది. రోజుకి నాలుగు గంటలు వేసినా నెలకి పది యూనిట్లు దాటదు. మార్చి నుంచి జూన్ దాకా దీని అవసరమే ఉండదు, స్విచ్ కట్టేసి ఉంచుతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు పిన్ని వాళ్లు ఐదుగురు మా ఇంట్లోనే ఉన్నారు. అంతమందికి ఇది సరిపోలేదు. పిల్లల తువ్వాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి ఆరబెట్టగలిగాం.

రెండో ఏడాది కింది రాడ్ మీద తుప్పు మచ్చలు వచ్చాయి. తప్పు వస్తువుది కాదు, టైల్స్ కడగడానికి వాడే యాసిడ్‌ది. దాని ఆవిరికి స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మచ్చపడుతుంది. యాసిడ్ మానేశాక మచ్చలు పెరగలేదు.

రెండో బాత్‌రూమ్‌కి కూడా ఒకటి పెట్టించమని అమ్మ అడిగింది. అక్కడ తలుపుకి ఎదురుగానే షవర్ ఉంది, తడవని గోడ ఒక్కటీ లేదు. అక్కడ పెట్టించలేదు.