11 నెలలుగా ఆసుపత్రికి మోస్తున్న ఫ్లాస్కు: బయట వెచ్చగా తగిలితే మురిసిపోకండి

ఈ 11 నెలల్లో అమ్మను ఆసుపత్రిలో చేర్చడం ఇది నాలుగోసారి. ప్రతిసారీ ఇంటి భోజనం తీసుకెళ్లింది వెడల్పు మూత ఉన్న ఈ స్టీలు ఫ్లాస్కులోనే. దాని సైజులూ రంగులూ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాస్తున్నది దాని గోడ గురించి.

మొదటి నెల దీన్ని తెగ మెచ్చుకున్నాను. మూత తిప్పగానే ఆవిరి పైకి లేచేది. అప్పటిదాకా ఏమీ వద్దంటూ అటు తిరిగి పడుకున్న అమ్మ, ఆ వాసనకి దిండు సర్దుకుని కూర్చునేది. అడిగినవాళ్లందరికీ "ఆరు గంటలు వేడి ఆగుతుంది" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, పొయ్యి మీది నుంచి దించింది దించినట్టే అంచు దాకా నింపితేనే అంతసేపు. సగం నింపితే మూడు గంటలకే తగ్గిపోతుంది. అమ్మ తినేది కొంచెమే కాబట్టి నేను సగం నింపిన రోజులే ఎక్కువ.

అసలు సంగతి రెండోసారి చేర్చినప్పుడు జరిగింది. లిఫ్టు దగ్గర సంచి జారి ఫ్లాస్కు కింద పడింది. అడుగున చిన్న సొట్ట. మూత ఊడలేదు, చుక్క కారలేదు. తుడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. మర్నాటి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుంటే వెచ్చగా, హాయిగా తగిలేది. ఎంత వేడిగా ఉందో, అమ్మ ఇష్టంగా తింటుంది అనుకునేదాన్ని. అలా ఎనిమిది రోజులు.

తొమ్మిదో రోజు అమ్మను స్కానింగ్‌కి తీసుకెళ్లారు. పన్నెండింటికి నింపిన సూప్ పట్టుకుని మూడింటి దాకా కూర్చున్నాను. పక్క బెడ్‌లో ఉన్నావిడకి కొన్నేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. రోజూ మందులు వాడాలి, వాటితో ఇన్ఫెక్షన్లు త్వరగా వస్తాయి. అందుకే వాళ్లాయన వంటకి వాడే థర్మామీటరు జేబులోనే పెట్టుకుని తిరుగుతారు. ఆ పెద్దాయన నా ఫ్లాస్కు అందుకుని చుట్టూ తడిమి చూశారు.

"బయట ఇంత వెచ్చగా ఉందేంటమ్మా? ఎక్కడైనా పడేశావా?"

మూత తీసి థర్మామీటరు ముంచారు. అంకెలు తిరిగి తిరిగి 49 దగ్గర ఆగాయి.

వండిన వేడి పదార్థం తినేదాకా 60 డిగ్రీల పైనే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5కీ 60కీ మధ్యే క్రిములు పెరిగేది. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేసి ఉంటుంది కాబట్టే వేడి దాటదు. కింద పడి ఎక్కడో సన్నగా చీలితే గాలి చేరుతుంది, ఇక అది మామూలు స్టీలు డబ్బానే. ఇన్నాళ్లూ నా ఒళ్లో వెచ్చగా తగిలింది అమ్మ భోజనంలోంచి పోతున్న వేడి.

సూప్ పారబోశాను. అమ్మ స్కానింగ్ నుంచి వచ్చి "ఇవాళ ఏం తేలేదా?" అంది. ఆ మాటకి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. అంతకు ముందు రెండు రోజులు తనకి కడుపు బాగోలేదు. మందుల వల్ల అయ్యుండొచ్చు అన్నారు. ఫ్లాస్కు వల్లేనని చెప్పలేను, కాదని నా మనసుకి సర్దిచెప్పుకోనూ లేను.

విచిత్రం ఏమిటంటే మళ్లీ అదే మోడల్ కొన్నాను. గోడ బాగున్నంతకాలం అది నమ్మకంగా పనిచేసిందన్నది నిజం. ఇప్పుడు ప్రతి ఆదివారం మరిగే నీళ్లు పోసి, మూత బిగించి, పది నిమిషాలాగి తడుముతాను. మూత దగ్గర కాస్త వెచ్చగా ఉన్నా పరవాలేదు, గోడ మాత్రం చల్లగా ఉండాలి. మూతలోని రబ్బరు రింగు రోజూ ఊడదీసి కడుగుతాను. మొదటిసారి తీసినప్పుడు దాని కింద పేరుకున్న జిడ్డు చూసి ఒళ్లు జలదరించింది. అన్నం అయితే ఇంకా భయం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాకి ఉడికినా చావని, విత్తనాల్లాంటి సిద్ధబీజాలు ఉంటాయి; అవి గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే అన్నం తీసుకెళ్లే రోజు థర్మామీటరు మర్చిపోతే వెనక్కి వచ్చి మరీ పట్టుకెళ్తాను.

కొనమంటానా అంటే, నా సంగతి వేరు. ఇల్లు గంట దూరం, వార్డులో మైక్రోవేవ్ లేదు, ఉప్పు తగ్గించి ఇంటి తిండి పెట్టొచ్చని డాక్టరు గారే ఒప్పుకున్నారు. మీ వార్డులో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటే ఐస్ ప్యాక్‌తో చల్లగా తీసుకెళ్లి అక్కడ పొగలు వచ్చేదాకా వేడి చేసుకోవడమే మేలేమో. స్టీలు ఫ్లాస్కుని మాత్రం మైక్రోవేవ్‌లో పెట్టకండి. మీ వాళ్లకి ఇమ్యూనిటీ బాగా తక్కువైతే ఏ ఫ్లాస్కు అని అడిగే ముందు, అసలు ఇంటి నుంచి తెచ్చిన తిండి పెట్టొచ్చా అని వార్డు సిస్టర్‌ని అడగండి.

ఇవాళ బెడ్ దగ్గర మూత తీస్తే 68 ఉంది. అమ్మ సగం తిని, "ఉంచు, సాయంత్రం తింటాలే" అంది. ఉంచలేదు.