సెటిల్–కార్లైల్ లైన్‌లో స్టేషన్ల ఫొటోలు: ఒక్క రోజులో ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగక్కర్లేదు

ఇంగ్లండ్ ఉత్తరాన లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే రైలెక్కితే, సెటిల్ దగ్గర మొదలై దాదాపు 116 కిలోమీటర్ల పొడవునా వచ్చే స్టేషన్లన్నీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ కొండల మీదుగా ఈ లైన్ వేసి, 1876 మే 1న ప్రయాణికుల రైళ్లు మొదలుపెట్టింది. స్టేషన్లకు నమూనా గీసింది జాన్ హాలోవే శాండర్స్. పెద్దవి, మధ్యరకం, చిన్నవి అని మూడు కొలతలు పెట్టుకుని, ఊరి స్థాయిని బట్టి ఒక్కోటి ఒక్కో చోట కట్టించారు. ఏటవాలు కప్పులు, కప్పు అంచుకు బిగించిన నగిషీ చెక్క పట్టీలు, రెండు త్రికోణపు గోడల నడుమ వసారా లాంటి ముందుభాగం అంతటా ఒకటే. రాయి మాత్రం ఎక్కడిదక్కడే. యార్క్‌షైర్ డేల్స్ కొండల్లో ఉన్న భవనాలకు ఆ కొండల రాయే వాడారు. ఈడెన్ లోయలోకి దిగాక అవే గోడలు ఎర్ర ఇసుకరాయితో లేస్తాయి. యాపిల్‌బీలో అయితే ఇటుక. ఒకే భవనాన్ని మూడు రంగుల్లో పక్కపక్కన పెట్టి చూపించే ఫొటోల వరస తీయాలనుకునేవాళ్లకు ఇంతకన్నా అనువైన లైన్ దొరకడం కష్టం.

అయితే లైన్‌లో ఉన్న స్టేషన్లన్నీ ఒక్క రోజులో చుట్టేద్దామనుకుంటే కుదరదు. రైలుకూ రైలుకూ మధ్య సుమారు రెండు గంటల ఎడం ఉంటుంది, ఆదివారాలు అంతకన్నా తక్కువ రైళ్లు. అంటే ఎక్కడ దిగినా రెండు గంటలు అక్కడే గడపాలి. కాబట్టి ‘ఈ స్టేషన్ బాగుంటుందా’ అన్నది కాదు చూసుకోవాల్సింది, ‘ఇక్కడ రెండు గంటలు పనుంటుందా’ అన్నది. లీడ్స్ నుంచి కార్లైల్‌కు దిగకుండా వెళ్తేనే సుమారు రెండు గంటల ముప్పావు పడుతుంది, రావడానికీ అంతే. వేసవిలో తెల్లవారే బయల్దేరితే మూడు స్టేషన్లు, చివర్లో కార్లైల్ హాయిగా అయిపోతాయి. నాలుగోది చేర్చాలంటే ఒక కిటుకు ఉంది. ఎప్పుడూ ముందుకే వెళ్లాలని పట్టుబట్టకుండా ఎదురొచ్చే రైలు టైమ్ కూడా చూడాలి. ఉత్తరానికి వెళ్లే తర్వాతి రైలుకు గంటన్నర ఉన్నా, దక్షిణానికి వెళ్లేది నలభై నిమిషాల్లో రావచ్చు. అదెక్కి ఒక స్టేషన్ వెనక్కి వెళ్లి, అక్కడి పని ముగించుకుని మళ్లీ ఉత్తరం రైలు అందుకోవచ్చు. రిబుల్‌హెడ్, డెంట్, గార్స్‌డేల్ మధ్య ఒక్కో అంగ పది నిమిషాల లోపే కాబట్టి ఈ ముందువెనకల ఆట అక్కడ బాగా పనిచేస్తుంది.

టికెట్ విషయంలో చాలామంది చేసే పొరపాటు, చవగ్గా వస్తోంది కదా అని అడ్వాన్స్ టికెట్ కొనేయడం. అది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, మధ్యలో దిగడానికి ఒప్పుకోరు. స్టేషన్ స్టేషన్‌కీ దిగి ఎక్కాలంటే దారిలో ఆగే వీలున్న రిటర్న్ టికెట్ కావాలి. ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) టికెట్ కొనేటప్పుడు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండువైపులా దిగొచ్చో లేదో షరతుల్లో చదివి కొనండి. ఒక్కోసారి తిరుగు ప్రయాణంలో మాత్రమే ఒప్పుకుంటారు.

సెటిల్ తప్పక దిగాల్సిన చోటు. ముదురు ఎరుపు, మీగడ రంగుల చెక్కపని, పూల కుండీలు, పాత తరహా పేరు బోర్డులు, అన్నీ చక్కగా నిలబెట్టారు. మిగతా స్టేషన్లను అర్థం చేసుకోవడానికి ఇదే మూల నమూనా అనుకోవచ్చు. ఇక్కడి సిగ్నల్ క్యాబిన్ 1891 నాటిది. 1984లో పని ఆగిపోయాక, 1997లో ఇప్పుడున్న చోటికి జరిపి బాగుచేశారు. మామూలుగా శనివారాలు వాలంటీర్లు తెరుస్తారు, లోపల లీవర్లు పట్టుకుని లాగి చూడొచ్చు. అందుకే శనివారం ప్రయాణమైతే సెటిల్‌కు రెండు గంటలూ ఇవ్వండి. మిగతా రోజుల్లో స్టేషన్‌కు నలభై నిమిషాలు చాలు, మిగిలిన టైమ్ ఊళ్లో గడుస్తుంది. ఊరు దగ్గరే, తినడానికి కొనుక్కోవాల్సింది కూడా ఇక్కడే. పైన కొండ మీద స్టేషన్లలో అంగడి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ఫొటో విషయానికొస్తే, లైన్ ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. పొద్దున్నే పడమటి ప్లాట్‌ఫాం మీది గోడలకు వెలుగు పడుతుంది, సాయంత్రానికి తూర్పువైపు వాటికి. భవనాన్ని దాని ముందే నిలబడి వైడ్ లెన్స్‌తో తీస్తే కప్పు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎదురు ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి, 35 నుంచి 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో, కెమెరాను నిటారుగా పట్టుకుని తీస్తే గోడలు నిలువుగా వస్తాయి. మీగడ రంగు చెక్క పట్టీలు ఎండలో ఇట్టే తెల్లగా మాడిపోతాయి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించుకుంటే వాటి మీది నగిషీ నిలుస్తుంది.

హార్టన్-ఇన్-రిబుల్స్‌డేల్ దాటేయొచ్చు. కొండలెక్కేవాళ్లకు అది మంచి మజిలీ, స్టేషన్ కోసమే దిగాల్సినంత లేదు.

రిబుల్‌హెడ్లో మాత్రం రెండు గంటలు చాలవు. స్టేషన్ భవనంలో ఉన్న ప్రదర్శన సీజన్‌లో తెరిచి ఉంటుంది, ఇరవై నిమిషాల పని. అసలు సంగతి బయట, నడకలో పదిహేను నిమిషాల దూరంలో ఉన్న వంతెన. 24 కమానులు, 400 మీటర్ల పొడవు, 32 మీటర్ల ఎత్తు. దగ్గరికెళ్లి స్తంభాలు లెక్కపెడితే ప్రతి ఆరోదీ మిగతావాటికన్నా లావుగా కనిపిస్తుంది. ఏదైనా స్తంభం కూలితే పడటం అక్కడితో ఆగిపోవాలని, వంతెన మొత్తం పోకూడదని అలా కట్టారు. దూరం నుంచి తీసిన ఫొటోల్లో ఈ తేడా తెలియదు. వంతెన కింది దారిలో నిలబడి, స్తంభాల వరస ఒకదాని వెనక ఒకటి వచ్చేలా తీస్తేనే పట్టుబడుతుంది. 1985 నుంచి దీని మీద ఒక్క ట్రాకే ఉంది, ఒకేసారి రెండు రైళ్ల బరువు పడకుండా. రోడ్డు వైపు నుంచి వర్న్‌సైడ్ కొండ వెనకాల వచ్చేలా తీసే ఫ్రేమ్‌కు ఉదయపు వెలుగు కావాలి. మధ్యాహ్నం దాటితే ఆ వైపు నీడలో పడి కమానులు నల్లగా వస్తాయి. అందుకే రోజు ప్లాన్‌లో రిబుల్‌హెడ్‌ను ముందు పెట్టి, సెటిల్‌ను తిరుగు ప్రయాణానికి వదలడం మంచిది. శనివారం సిగ్నల్ క్యాబిన్ కూడా చూడాలనుకుంటే మాత్రం ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు, అప్పుడు వంతెనకే ఓటు.

డెంట్ సముద్ర మట్టానికి 350 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంగ్లండ్ మెయిన్‌లైన్ స్టేషన్లలో ఇంతకన్నా ఎత్తయినది లేదు. పేరు చూసి ఊరు పక్కనే ఉంటుందనుకుని దిగితే మోసపోతారు. డెంట్ ఊరు ఆరు కిలోమీటర్లకు పైగా దూరం, అదీ నిటారుగా దిగుడు. మళ్లీ ఎక్కి రైలు అందుకోవడం రెండు గంటల్లో కాని పని. ఈ లైన్ వేసింది లండన్ నుంచి స్కాట్లాండ్‌కు ఎక్స్‌ప్రెస్‌లు నడపడానికి. వాలు అదుపులో ఉండాలని ట్రాక్‌ను కొండ వాలు మీదే నడిపించారు, ఊళ్లు కింద లోయలో మిగిలిపోయాయి. స్టేషన్ పైవాలున నిలువుగా పాతిన పాత చెక్క స్లీపర్ల వరస మంచును అడ్డుకోవడానికి పెట్టిన కంచె. వర్షానికి నల్లబడి, నాచు పట్టి, కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. స్టేషన్ భవనం కన్నా ఈ కంచెను దగ్గరగా తీసిన ఫొటోయే ఆ చోటు ఎలాంటిదో చెబుతుంది. స్టేషన్‌కు పైన రోడ్డు ఎక్కి కిందికి చూస్తే, ప్లాట్‌ఫాం, దాని వెనక లోయ అంతా ఒకే ఫ్రేములోకి వస్తాయి. ఇదీ ఉదయపు వెలుగులోనే బాగుంటుంది. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి పట్టాలు దాటే వెళ్లాలి. రెండువైపులా చూసి, విని దాటండి, పట్టాల మధ్య ఆగి ఫొటో తీయడం ప్రాణాలతో చెలగాటం. గాలివాన రోజు డెంట్ వద్దు. తల దాచుకోవడానికి చిన్న షెల్టర్ తప్ప ఏమీ లేదు.

గార్స్‌డేల్‌లో చూడాల్సింది ఒక కుక్క బొమ్మ. 1980లలో ఈ లైన్ మూసేయాలని చూసినప్పుడు వెళ్లిన అభ్యంతరాల పత్రాల మీద రస్వార్ప్ అనే కుక్క పాదముద్ర కూడా సంతకంగా పడింది. 1989 ఏప్రిల్‌లో మూసివేత ఆలోచన మానుకున్నట్టు ప్రకటన వచ్చింది. ఆ కుక్క కంచు బొమ్మను 2009లో పెట్టారు. అది ప్లాట్‌ఫాం మీదే ఉంది కాబట్టి, ఎదురు రైలు టైమ్ కలిసొస్తే అరగంట మజిలీ చాలు.

కర్క్‌బీ స్టీఫెన్ స్టేషన్ భవనం బాగుచేసిన తీరు చాలా బాగుంది, ఊరు మాత్రం రెండు కిలోమీటర్ల పైనే. యాపిల్‌బీ అన్నివిధాలా నయం. ఊరు పది నిమిషాల నడక, తినడానికి దొరుకుతుంది. స్టీమ్ స్పెషల్స్ (ఆవిరి ఇంజిన్‌తో నడిచే ప్రత్యేక రైళ్లు) నీళ్లు పట్టుకోవడానికి ఇక్కడ ఆగుతాయి కాబట్టి, అవి నడిచే రోజు అయితే ఇంజిన్ పక్కనే నిలబడి కావలసినంత సేపు తీయొచ్చు. రైలు ఫొటోలకు పేరుపడ్డ బిషప్ ఎరిక్ ట్రీసీ 1978 మే 13న కన్నుమూసింది ఈ స్టేషన్‌లోనే. ఆయన జ్ఞాపకంగా ఒక ఫలకం ఉంది. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లు దాని ముందు ఒక్క నిమిషం ఆగకుండా వెళ్లడం సరికాదు.

తర్వాత వచ్చే లాంగ్వత్‌బీ, లేజన్‌బీ, ఆర్మత్‌వెయిట్‌లలో ఏదో ఒక్కటే ఎంచుకోండి. మూడింట్లోనూ ఎర్రరాయే, సాయంత్రపు ఎండలో ఆ రాయి నిప్పుకణికలా ఉంటుంది. ఆర్మత్‌వెయిట్‌లో చిన్న సిగ్నల్ క్యాబిన్ కూడా ఉంది కాబట్టి దానికే ఓటు. మధ్యలో కిటికీలోంచి కనిపించే క్రాస్బీ గారెట్, లాంగ్ మార్టన్ లాంటి మూతపడ్డ స్టేషన్లు ఇప్పుడు ఇళ్లు. రైల్లోంచి చూడటమే, గేటు దాకా వెళ్లి తీయడం పద్ధతి కాదు.

కార్లైల్ స్టేషన్ 1847 నాటిది, విలియం టైట్ పని. 1923కు ముందు ఏడు రైల్వే కంపెనీలు దీన్ని పంచుకునేవి. ముఖద్వారం ఫొటో తీశాక ప్లాట్‌ఫాంల మీది పైకప్పును కూడా ఫొటో తీయడం మరచిపోవద్దు. పాత గాజు తీసేసి పారదర్శకమైన తేలికపాటి పొర వేశాక లోపల వెలుగు బాగా మెరుగైంది.

వ్యక్తిగత ఫొటోలకు ఇక్కడి స్టేషన్లలో అభ్యంతరం లేదు. ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ వాడకూడదు, డ్రైవర్ కళ్లకు ప్రమాదం. పసుపు గీత దాటకూడదు, ట్రైపాడ్ కాళ్లు కూడా గీతకు ఇవతలే ఉండాలి. లీడ్స్ లాంటి పెద్ద స్టేషన్‌లో ముందే సిబ్బందికి ఒక మాట చెప్పండి, రద్దీ వేళ ట్రైపాడ్‌కు ఒప్పుకోకపోవచ్చు. రైలు ముందు వెలిగే ఎల్ఈడీ బోర్డు ఫొటోలో సగం అక్షరాలతో వస్తోందంటే షటర్ మరీ వేగంగా ఉందని అర్థం. రైలు ఆగి ఉన్నప్పుడు 1/100 సెకను దగ్గర తీస్తే పేరు పూర్తిగా పడుతుంది. చలి నుంచి వెచ్చని బోగీలోకి ఎక్కగానే లెన్స్‌కు ఆవిరి పడుతుంది, ఎక్కే ముందే కెమెరాను సంచిలో పెట్టి జిప్ వేసేయండి. కొండల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు, రెండువైపులా టైమ్‌టేబుల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

సాయంత్రపు వెలుగు, తెల్లవారుజాము రెండూ కావాలంటే ఒక రాత్రి ఉండాలి. రిబుల్‌హెడ్‌లో స్టేషన్ మాస్టర్ ఇల్లు, కర్క్‌బీ స్టీఫెన్, డెంట్ స్టేషన్ భవనాలు సెలవుల బసకు అద్దెకిస్తారు. ఉదయం లేవగానే వంతెన కావాలనుకునేవాళ్లకు రిబుల్‌హెడ్. డెంట్‌లో ఉండాలంటే వంట సామాను మొత్తం వెంట తెచ్చుకోవాలి. కారు లేనివాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు యాపిల్‌బీ ఊళ్లో దిగడమే సుఖం. డిసెంబరులో అయితే ఎక్కడ ఉన్నా లాభం లేదు. ఎనిమిదిన్నర దగ్గర తెల్లవారి నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది, నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు పన్నెండు డిగ్రీల ఎత్తుకే ఎక్కుతాడు. కొండ నీడలోంచి ప్లాట్‌ఫాంలు బయటపడేలోపే వెలుగు అయిపోతుంది. ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా రండి.