కొత్త తరహా కారు బాడీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

నేను నడుపుతున్న చిన్న ఎస్‌యూవీలో ఇప్పటి డిజైన్ పోకడలు దాదాపు అన్నీ ఉన్నాయి. బానెట్ అంచున సన్నని పగటి దీపాలు, వాటి కింద బంపర్‌లో అమర్చిన హెడ్‌ల్యాంపులు, వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేచే కిటికీ అంచు, నల్లటి పట్టీలో కలిసిపోయిన వెనుక డోర్ హ్యాండిళ్లు, తలుపుల పొడవునా పదునైన గీతలు. కొన్నేళ్లుగా రోజూ వాడాక నాకు అర్థమైనదేమిటంటే, ఈ తరహా కార్ల గురించి జరిగే వాదమంతా ముఖం చుట్టూనే తిరుగుతోంది గాని, యజమానిని నిజంగా ఇబ్బంది పెట్టేవి వెనుక భాగమూ అద్దాలూ.

ముఖానికి కళ్లు అలవాటు పడతాయి. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ డిక్కీ ఆకారాన్నీ, 2020లో 4 సిరీస్‌కు పెట్టిన నిలువు గ్రిల్‌నూ చాలామంది తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శల వేడి కాలంతో పాటు తగ్గింది. నా కారు ముఖం కూడా మొదట్లో నాకు నచ్చలేదు, ఇప్పుడు నచ్చుతోంది.

వెనుక అద్దం సంగతి అలా కాదు. రివర్స్ చేసేటప్పుడు తల తిప్పి చూస్తే పైకప్పును మోసే వెనుక మూల స్తంభం ఒక మనిషిని పూర్తిగా కప్పేస్తుంది. వానలో కెమెరా మీద బురద పడితే తెరపై మసక తప్ప ఏమీ కనిపించదు, అప్పుడు దిగి తుడవాల్సిందే. వెనుక సీట్లో కూర్చున్న పిల్లలకు బయట చెట్ల కొమ్మలు తప్ప రోడ్డు కనిపించదు. స్తంభాలు లావెక్కడానికి సరైన కారణం కొంత ఉంది: అమెరికాలో 2009లో సవరించిన నిబంధన ప్రకారం సాధారణ కార్ల పైకప్పు ఆ కారు బరువుకు 3 రెట్లు తట్టుకోవాలి, అంతకుముందు ఒకటిన్నర రెట్లు సరిపోయేది. అయితే కిటికీ అంచును అంత ఏటవాలుగా పైకి లేపమని ఏ భద్రతా నిబంధనా చెప్పలేదు. అది కేవలం కంటికి వేగంగా కనిపించడానికి చేసిన పని, దానికి నేను ఒప్పుకోను.

2010 నాటి నిస్సాన్ జ్యూక్‌తో జనానికి పరిచయమైన విడి దీపాల అమరికలో, అంటే పైన సన్నని దీపాలు, కింద హెడ్‌ల్యాంపులు వేరుగా పెట్టడంలో, ఒక మేలు లేకపోలేదు: హెడ్‌ల్యాంపు కిందికి దిగడం వల్ల ఎదుటివారి కళ్లలో వెలుగు తక్కువగా పడుతుంది. అయితే ఎవరో రివర్స్‌లో మెల్లగా తగిలించినప్పుడు, పాత కారులోనైతే బంపర్ పెయింటింగ్‌తో పోయేది, నాకు దీపం మొత్తం మార్చాల్సి వచ్చింది. నిగనిగలాడే నల్ల ప్లాస్టిక్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మెత్తని గుడ్డతో తుడిచినా ఎండలో సాలెగూడులా గీతలు తేలతాయి.

తలుపుల మీది గీతలు మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే, ఎందుకంటే పలచని రేకుకు అవి బిగువునిస్తాయి. సరిగ్గా గీత మీద సొట్ట పడితే మాత్రం ఆ అంచును మళ్లీ అంతే పదునుగా తేవడం మంచి డెంటింగ్ మేస్త్రీకి కూడా కష్టం. ఇంజన్, సస్పెన్షన్ విషయంలో ఈ కారుకు వంక పెట్టలేను. కొనాలనుకునేవారు ముందు నుంచి చూసి నిర్ణయించకుండా, వెనుక సీట్లో కాసేపు కూర్చుని, ఆ తర్వాత కెమెరా చూడకుండా ఒకసారి రివర్స్ చేసి చూడండి.