ఆ చీరకట్టు త్రీడీ ప్యాక్ కొనకండి, అందులో సగం బొమ్మలకి పైట కుడి భుజం మీద ఉంది

ఎవరి గురించి చెబుతున్నానో ఫ్యాషన్ ఇలస్ట్రేషన్ గ్రూపుల్లో తిరిగేవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయను. ఎర్ర పట్టుచీరలో బొమ్మ గుండ్రంగా తిరుగుతుండే వీడియో, కింద పసుపు అక్షరాలతో "పెళ్లికూతురు చీరకట్టు, 12 పోజులు, రిగ్‌తో సహా, కమర్షియల్ లైసెన్స్". అదే. (రిగ్ అంటే బొమ్మని కదపడానికి లోపల పెట్టే ఎముకల అమరిక.) కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

సంగతి ఇదీ. విజయవాడలో ఒక బొటిక్ అక్కకి శ్రావణమాసం కలెక్షన్ బొమ్మలు వేసివ్వాలి. పోచంపల్లి పట్టు, గద్వాల, మంగళగిరి. నిలబడ్డ బొమ్మలకి నాకు ఏ మోడలూ అక్కర్లేదు. పీట మీద కూర్చున్న పెళ్లికూతురితోనే తంటా. మోకాలు మడిచినప్పుడు కుచ్చిళ్లు ఎక్కడ విచ్చుకుంటాయి, పైనుంచి చూస్తే తొడ ఎంత పొట్టిగా కనబడాలి, ఇవన్నీ ఊహించి గీస్తే ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. మోడల్ ఉంటే దాన్ని కావాల్సిన కోణంలో తిప్పుకుని, కింద లేయర్‌గా పెట్టుకుని పని కానిచ్చేయొచ్చు. అందుకని 2,499 రూపాయలు యూపీఐలో కొట్టాను.

కొట్టే ముందు అడిగాను కూడా. "కూర్చోబెట్టొచ్చా? మోకాలు మడతపడుతుందా?" అంటే "అన్నీ కదులుతాయక్కా, ఫుల్ రిగ్, ప్రోక్రియేట్‌లో క్లిప్ స్టూడియోలో రెండిట్లో పనిచేస్తుంది" అన్నాడు. (ఆ రెండూ బొమ్మలు గీసే యాప్‌లు.) చాట్ ఉంది నా దగ్గర. అక్కా అనగానే కరిగిపోయే రకం నేను, ఏం చేస్తాం.

వచ్చింది ఓబీజే ఫైళ్ల జిప్. త్రీడీ తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వేసుంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: ఓబీజే ఫైల్‌లో ఎముకలుండవు. ఆ ఫార్మాట్‌లో బొమ్మ ఆకారం, దాని మీద రంగు ఎలా పరుచుకోవాలన్న లెక్క మాత్రమే ఉంటాయి. చెయ్యి ఎత్తాలన్నా, మోకాలు మడవాలన్నా లోపల అస్థిపంజరం ఉండాలి, దానికి ఎఫ్‌బీఎక్స్ లాంటి ఫైల్ కావాలి. ఎముకలున్న ఎఫ్‌బీఎక్స్ ఇస్తే క్లిప్ స్టూడియోలో కదుపుకోవచ్చు. ప్రోక్రియేట్ సంగతి వేరు. 2021లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి అందులో త్రీడీ మోడల్ తెరిచి దాని మీద రంగులు వేసుకోవచ్చు గానీ, పోజు మార్చడం అనే పనే లేదు. అంటే "ప్రోక్రియేట్‌లో అన్నీ కదులుతాయక్కా" అన్నవాడికి తాను అమ్మేదేంటో తెలియదు. లేదా బాగా తెలుసు.

సరే, కదలకపోతే కదలకపోయింది, 12 పోజులున్నాయి కదా అని ఒక్కొక్కటీ తెరిచాను. మొదటి ఆరు పర్వాలేదు. ఏడోది తెరవగానే ఏదో ఎబ్బెట్టుగా అనిపించింది. ముఖం అదే, నిలుచున్న తీరు అదే, కానీ ఎక్కడో తేడా. చూస్తే పైట కుడి భుజం మీదుంది. కుచ్చిళ్లు ఎడమవైపు తిరిగి ఉండాల్సింది కుడివైపు తిరిగాయి. ముక్కుపుడక కూడా రెండో పక్కకి పోయింది. ఎనిమిది, తొమ్మిది, పన్నెండు దాకా ఇదే వరస. ఆరు బొమ్మల్ని అద్దంలో తిప్పినట్టు తిప్పేసి పన్నెండని అమ్మాడన్నమాట. తిప్పడమైనా తిన్నగా తిప్పాడా అంటే అదీ లేదు. అలా తిరగేసినప్పుడు ఉపరితలాల ముఖం లోపలికి తిరిగిపోతుంది, దాన్ని మళ్లీ సరిచేయాలి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క కమాండ్ పని. అదీ చేయలేదు. చంకల దగ్గర, బొడ్డు దగ్గర నల్ల మచ్చలు.

దానికి తోడు చీర ఒంటికి అట్టకి అంటించిన రంగు కాగితంలా అతుక్కుపోయి ఉంది. చీర వేరు, ఒళ్లు వేరు కాదు, అంతా ఒకే మెష్, అంటే ఒకే ముక్క. పోచంపల్లి డిజైన్ పరిచి చూశాను. కుచ్చిళ్ల మడతల్లో ఉండాల్సిన పువ్వు, పైట మీద ఉండాల్సిన పువ్వు రెండూ ఒకేచోట నుంచి రంగు తీసుకుంటున్నాయి. ఒకటి మారిస్తే రెండోదీ మారుతోంది. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులద్ది ఆ తర్వాత నేస్తారు, కాబట్టి పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, ఆ చెదరడమే దాని అందం. ఇక్కడ పువ్వే నలిగి నడుం దగ్గర గీతలా మిగిలింది.

ఇంతవరకూ జరిగింది మోసమే గానీ నాకు ఇంత మంట పుట్టించింది మాత్రం ఇది కాదు.

మొదట వాడికి విడిగానే మెసేజ్ పెట్టాను, మర్యాదగా. చూసినట్టు నీలం టిక్కులొచ్చాయి, జవాబు లేదు. అప్పుడు గ్రూపులో పెట్టాను. ఒకటో బొమ్మ, ఏడో బొమ్మ పక్కపక్కన స్క్రీన్‌షాట్, "ఇది తిరగేసిన ఫైల్ కదండీ, పైట కుడివైపు ఉంది, డబ్బులు వెనక్కిస్తారా" అని. తిట్టలేదు, పెద్ద అక్షరాలు వాడలేదు. జవాబు వెంటనే వచ్చింది. "అది గుజరాతీ స్టైల్ మేడమ్."

గుజరాతీ స్టైల్! గుజరాతీ కట్టులో పైట కుడి భుజం మీదకి వెనక నుంచి ముందుకొచ్చి గుండెల మీద పరుచుకుంటుంది. ఈ బొమ్మకి ముందు నుంచి వెనక్కి వెళ్లి వీపు మీద వేలాడుతోంది. కొడగువాళ్లు కుడి భుజం మీదే పిన్ను పెడతారు గానీ వాళ్లకి కుచ్చిళ్లు వెనక ఉంటాయి. కుడి భుజం మీద వేసే కట్లు లేవని నేననట్లేదు, ఇది వాటిలో ఏదీ కాదు అంటున్నాను. ఇదే రాశాను గ్రూపులో, ఓపిగ్గా. దానికి వాడి సమాధానం మక్కీకి మక్కీ పెడుతున్నా:

"అసలు గీయడం వచ్చినవాళ్లకి మోడల్ ఎందుకమ్మా? ట్రేసింగ్ చేసుకుని బతికేవాళ్లు కూడా క్వాలిటీ గురించి క్లాసులు పీకితే ఎలా? నువ్వు ముందు పైట వేయడం నేర్చుకో."

కింద మూడు నవ్వు బొమ్మలు. దానికి నేను గౌరవించే సీనియర్లు కొందరు కూడా నవ్వు బొమ్మలే పెట్టారు. నేను టైప్ చేస్తుండగానే గ్రూపులోంచి తీసేశాడు. ఆ గ్రూప్ అడ్మిన్ కూడా వాడే అని చెప్పలేదు కదా, అదీ ఉంది.

డబ్బు పడేదాకా అక్క, అడిగాక మేడమ్, నలుగురిలో నువ్వు. వయసులో నాకంటే చిన్నవాడే. నాకు పైట నేర్పిస్తాడట.

ట్రేసింగ్ మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లు ఇది చదువుతారు. మోడల్ మీద గీతలు పోసుకుంటూ పోతే ఫ్యాషన్ ఇలస్ట్రేషన్ అవుతుందా, మీరే చెప్పండి. మామూలు త్రీడీ బొమ్మ మనిషి కొలతల్లో, అంటే ఏడున్నర తలల ఎత్తుంటుంది (తల పొడవుకి ఏడున్నర రెట్లు). మనం గీసేది తొమ్మిది తలల బొమ్మ. ఆ తేడా అంతా ఎక్కడ పెట్టాలి? ఎక్కువ భాగం కాళ్లలో, అందులోనూ మోకాలి కింద. మోడల్‌ని నిలువునా సాగదీస్తే ముఖం గుర్రం ముఖమవుతుంది. కాబట్టి తల, మెడ, భుజాల వంపు వరకే మోడల్ నుంచి తీసుకుని మిగతాది మన చేత్తో కట్టుకోవాలి. బట్ట సంగతికొస్తే మోడల్‌కి అసలేమీ తెలియదు. మంగళగిరి నూలు గంజి పెడితే మడత కోణంగా నిలబడుతుంది. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ పైటా పట్టు. అంచు బరువుకి కింద కుచ్చిళ్లు తిన్నగా దిగుతాయి, పైన నూలు మాత్రం కాస్త ఉబ్బుతుంది. క్లో, మార్వెలస్ డిజైనర్ లాంటి త్రీడీ బట్టల సాఫ్ట్‌వేర్లలో బట్ట బరువు, బిగువు అంకెలుగా ఇచ్చి వేలాడదీయొచ్చు, అక్కడ కూడా చీర కుచ్చిళ్లు పెట్టాలంటే ప్రాణం మీదకొస్తుంది. ఈ ప్యాక్‌లో అన్ని చీరలకీ ఒకటే మడత. ఆ మడతల్ని తీసేసి, ఏ చీరకి ఆ చీర ఎలా పడుతుందో గీసేది నేను. అది ట్రేసింగ్ అయితే, ఆ ట్రేసింగ్ కోసమే సరుకు అమ్ముకుంటున్న నిన్నేమనాలి తమ్ముడూ?

అసలు కథ తర్వాత తెలిసింది. ఓబీజేతో పాటు ఎమ్‌టీఎల్ అని చిన్న ఫైల్ వస్తుంది, ఏ రంగు ఏ ఇమేజ్ ఫైల్‌లో ఉందో రాసి ఉండేది. మామూలు టెక్స్టే. ఒళ్లు మండి దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఫోల్డర్ దారి మొత్తం అలాగే ఉంది, అందులో ఎవరో విదేశీ ఆర్టిస్టు పేరు. వెతికితే ఆవిడ పేజీ దొరికింది. అవే ఆరు బొమ్మలు, పైట ఎడమ భుజం మీద, ముక్కుపుడక సరైన పక్కన. ఉచితంగా పెట్టింది మహాతల్లి! క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, తన పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు అని. మనవాడు ఆ పేరు తీసేసి, అద్దంలో తిప్పి, "కమర్షియల్ లైసెన్స్" అని పసుపు అక్షరాలు రాసి అమ్ముకుంటున్నాడు.

దీనర్థం ఏంటంటే, ఈ ప్యాక్ మీద గీసి క్లయింటుకి ఇచ్చిన ప్రతి బొమ్మా రేపు చిక్కులో పడొచ్చు. అమ్మినవాడికే లేని హక్కు వాడు మనకెలా ఇస్తాడు? అందుకే బొటిక్ అక్కకి ఉన్నదున్నట్టు చెప్పి, ఆ మోడల్ తగిలిన స్కెచ్‌లన్నీ తీసేశాను. పీట మీద పెళ్లికూతురికి మా చెల్లి చీర కట్టుకుని కూర్చుంది, మా అమ్మ కుర్చీ ఎక్కి పైనుంచి ఫొటోలు తీసింది. అమ్మ తీసినవాటిలో చెల్లి తల తెగిపోయిన ఫొటోలే ఎక్కువ, అయినా పనైపోయింది. అసలు ఆర్టిస్టుకి కూడా మెయిల్ పెట్టాను.

రీఫండ్ అడిగితే "డిజిటల్ ప్రోడక్ట్, నో రీఫండ్" అని ఒకే ఒక్క లైను, ఆ తర్వాత బ్లాక్. డిజిటల్ సరుకైతే చట్టం వర్తించదనుకుంటున్నాడు పాపం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకీ వర్తిస్తాయి. ప్రకటనలో చెప్పినట్టు లేని సరుక్కి డబ్బు వెనక్కివ్వననడం కుదరదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. "నువ్వు వ్యాపారానికి కొన్నావు కాబట్టి వినియోగదారువి కాదు" అని ఎవరైనా భయపెడితే బెదరకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నవాళ్లని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

కొనాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. ఫైల్ ఏ ఫార్మాటో ముందు అడగండి, వైర్‌ఫ్రేమ్ (బొమ్మ ఆకారాన్ని చూపే గీతల వల) కనబడేలా మోకాలు మడిచి చూపించే వీడియో అడగండి, మోడల్ చేసిందెవరో రాతలో అడగండి. తడబడితే వదిలేయండి. ఊరికే పోజు కోసమైతే క్లిప్ స్టూడియోలో ముందే వచ్చే బొమ్మలు చాలు, ఎత్తు, లావు మార్చుకోవచ్చు. మనిషి బొమ్మలు చేసే మేక్‌హ్యూమన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకున్న బొమ్మల్ని వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. చీర మాత్రం మీరే కట్టాలి.

ఇదే ప్యాక్ కొన్నవాళ్లుంటే యూపీఐ రసీదు, చాట్, ఆ జిప్ ఫైల్ ఏవీ డిలీట్ చేయకండి. వాడి వీడియో ప్రకటన ఇంకా ఉంది, తీసేసేలోపు స్క్రీన్ రికార్డ్ చేసుకుని నాకు మెసేజ్ పెట్టండి. లంగా ఓణీ ప్యాక్ కూడా రాబోతోందని గ్రూపులో ఉన్న ఒక ఫ్రెండ్ చెప్పింది, అడ్వాన్స్ బుకింగ్ అట. ఇప్పటికే కట్టినవాళ్లు బ్యాంకుకి ఈరోజే ఫోన్ చేయండి.