వాల్వు పెడల్‌లోకి వెనక పికప్ ఒక్కటే: ఏడేళ్ళు వాడాక

2018లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక వాల్వు ఓవర్‌డ్రైవ్ పెడల్ (కాలితో నొక్కితే శబ్దాన్ని గరుకుగా చేసే డబ్బా) కొన్నాను. లోపల ఒకే ఒక్క 12ఏఎక్స్7 రకం వాల్వు, అంటే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టం, ఉంటుంది. అప్పటినుంచి విజయవాడలో ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల రోజుల్లో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలో, అప్పుడప్పుడూ తుమ్మలపల్లి కళాక్షేత్రం స్టేజీ మీద బేస్ గిటార్‌కి దాన్నే వాడుతున్నాను. మొదటి ఏడాది అమ్మేద్దామనుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా ఇవ్వను. పెడల్ అదే. దానికి సిగ్నల్ పంపే పద్ధతి మార్చాను, అంతే.

ముందు అందరిలాగే గిటార్ నుంచి వైరు తీసి నేరుగా పెడల్‌కి పెట్టాను. ఇంట్లో ఒక్కడినే వాయిస్తుంటే ఒళ్ళు పులకరించేంత బాగుండేది. బ్యాండ్‌తో కలిసేసరికి బేస్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. కారణం సులువే. ఓవర్‌డ్రైవ్ అంటే సిగ్నల్ శిఖరాలు నలిగిపోవడం. తీగ మీటినప్పుడు మొదట పడే దెబ్బ అక్కడే చదునైపోతుంది. డ్రమ్స్ కిక్‌తో కలిసి గుండెకి తగలాల్సింది ఆ దెబ్బే. పైగా మామూలు గిటార్ కోసం చేసిన ఓవర్‌డ్రైవ్‌లు చాలావరకు కింది స్థాయిని కావాలనే కోసేస్తాయి. మన ఇ తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఆ కోతలో ముందు పోయేది అదే.

నాది జాజ్ బేస్ తరహా గిటార్. 1960లో ఆ మోడల్ వచ్చినప్పటినుంచీ దానికి, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండు. మెడవైపుది గుండ్రంగా, నిండుగా పలుకుతుంది. వెనక, తీగల చివర ఉండే బ్రిడ్జి దగ్గరిది కాస్త ముక్కుతో మాట్లాడినట్టు, గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. మామూలు వైరింగ్‌లో రెండూ లోపలే కలిసి ఒకే వైరులో బయటికొస్తాయి. ఒకదాని వాల్యూమ్ తగ్గిస్తే రెండోదాని తీరు కూడా కొంత మారుతుంది. నేను జాక్ తీయించి స్టీరియో జాక్ పెట్టించాను. ప్లగ్ కొనకి మెడ పికప్, దాని వెనకుండే రింగుకి బ్రిడ్జి పికప్. ఇదేం కొత్త సంగతి కాదు. గిటార్లు చేసే రికెన్‌బ్యాకర్ వాళ్ళు రెండు పికప్‌లనీ విడిగా బయటికి పంపే ఏర్పాటుని రిక్-ఓ-సౌండ్ అని ఎప్పుడో చేశారు. అమెరికన్ బేస్ వాద్యకారుడు బిల్లీ షీహన్ రెండు పికప్‌లకి రెండు వైర్లు, రెండు ఆంప్‌లు వాడతాడు. నాకు రెండు ఆంప్‌లు మోసే ఓపిక లేదు కాబట్టి రెండూ మిక్సర్‌లో రెండు ఛానెళ్ళకి వెళ్తాయి. మెడ పికప్ శుభ్రంగా, నేరుగా. బ్రిడ్జి పికప్ వాల్వు గుండా.

మొదటిసారి ఇలా పెట్టినప్పుడు సౌండ్ చెక్‌లో మిక్సర్ దగ్గరున్న అన్న పిలిచి, "తమ్ముడూ, నీ రెండో ఛానెల్ పెంచుతుంటే బేస్ తగ్గిపోతోందేంటి?" అన్నాడు. నిజమే. రెండు ఫేడర్లూ పైకెళ్ళేకొద్దీ శబ్దం సన్నబడిపోతోంది. ముందు వైరు పోయిందనుకున్నాం, తర్వాత డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) అనుకున్నాం. అసలు సంగతి పెడల్‌లో ఉంది. వాల్వు సిగ్నల్‌ని పెంచే మామూలు సర్క్యూట్‌లో ఒక్కో దశ దాన్ని తలకిందులు చేస్తుంది. రెండు దశలుంటే మళ్ళీ నిటారుగా వస్తుంది. నా పెడల్‌లో మొత్తం లెక్క చివరికి తలకిందులే. ఒకటి పైకి తోస్తుంటే ఇంకొకటి కిందికి లాగుతోంది, మధ్యలో కింది స్వరాలు హరించుకుపోతున్నాయి. పెద్ద మిక్సర్ అయితే దీనికి బటన్ ఉంటుంది. మాకు దొరికే చిన్న మిక్సర్లకి ఉండదు. అందుకని డీఐ బాక్స్ నుంచి మిక్సర్‌కి వెళ్ళే వైరులో ఒక చివర రెండో పిన్ను, మూడో పిన్ను అటూ ఇటూ మార్చి టంకం వేసుకున్నాను. దానికి రెండు చివర్లా ఎర్ర టేపు చుట్టాను, ఇంకెవరూ మైకుకి వాడకుండా. ఆ రోజు సాయంత్రం ఇ తీగ మీటితే స్టేజీ చెక్కలు అదిరాయి. ఏ ఓవర్‌డ్రైవ్‌నైనా శుభ్రమైన సిగ్నల్‌తో కలిపేవాళ్ళు ముందు ఈ పరీక్ష చేసుకోండి: ఇ తీగ వదిలేసి మోగిస్తూ రెండో ఛానెల్ నెమ్మదిగా పెంచండి. కింది స్వరం బలపడితే సరే. పలచబడితే ఫేజ్ తిరగబడినట్టే.

పద్ధతి మార్చాక వచ్చిన అసలు తలనొప్పి మాత్రం హమ్మింగ్. జాజ్ బేస్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా చుట్టి ఉంటాయి, రెండూ సమానంగా తెరిస్తే కరెంటు హమ్ ఒకదానికొకటి చెల్లిపోతుంది. నేను రెంటినీ విడదీశాక ఆ లాభం పోయింది. పైగా బ్రిడ్జి పికప్ హమ్‌ని వాల్వు ఇంకా పెంచి పెట్టేది. సీరియల్ లైట్లు, జనరేటర్, సరిలేని ఎర్తింగ్ ఉన్న ఫంక్షన్ హాల్లో పాటకీ పాటకీ మధ్య వినపడే 50 హెర్ట్జ్ మోత భరించలేం. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చి, చివరికి ఒకే ఒరలో రెండు కాయిల్స్ ఉండే పికప్‌ని బ్రిడ్జి దగ్గర వేయించాను. పైస్థాయి మెరుపు కొద్దిగా తగ్గింది. అయినా ఈ పని మొదటి రోజే చేసుండాల్సింది. పెడల్ వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ చేస్తే, అంటే సిగ్నల్ వైరులో గ్రౌండ్‌ని విడదీస్తే, మిగిలిన కాస్త మోత కూడా పోయింది.

కరెంటు విషయం కూడా చెప్పాలి. 12ఏఎక్స్7 ఫిలమెంట్ ఒక్కటే 12.6 వోల్టుల దగ్గర 150 మిల్లీఆంపులు తాగుతుంది. అన్ని పెడల్స్‌కీ కలిపి వాడే చిన్న అడాప్టర్ దీనికి చాలదు. దాని అడాప్టర్ దానికే ఉండాలి.

స్విచ్ వేశాక అర నిమిషం ఆగాలి. మా తాతయ్య దగ్గర ఒక వాల్వు రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, ఆయన అప్పటినుంచీ శ్రోత. రేడియో వేసి, అది వేడెక్కి గొంతు విప్పేదాకా వెనక వాల్వుల్లో ఎర్రగా రాజుకునే వెలుగు చూస్తూ కూర్చునేవాణ్ణి. పెడల్ జాలీలోంచి ఆ వెలుగు కనపడిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తాడు.

నాలుగో ఏడు వాల్వు గొణగడం మొదలుపెట్టింది. పెడల్ మీద వేలితో కొడితే స్పీకర్లో గంట కొట్టినట్టు వినపడేది. గవర్నర్‌పేటలో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పెన్సిల్ వెనక రబ్బరుతో వాల్వు నెత్తిన తట్టి, "మైక్రోఫోనిక్ అయింది బాబూ, పడేయ్" అన్నారు. కొత్తది ఎక్కించేటప్పుడు, "ఊపుతూ తీయకు, నిలువుగా లాగు, పిన్నులు వంగుతాయి" అని చెప్పి చేయించారు. ఇంకో మంచి మాట కూడా ఆయనే చెప్పారు: అదే సాకెట్లో 12ఏయూ7 కూడా కూర్చుంటుంది. 12ఏఎక్స్7 పెంపు 100 అయితే దీనిది 20 లోపే. బేస్‌కి ఆ నెమ్మది నాకు బాగా నచ్చింది. అరుపు తగ్గి, గట్టిగా మీటినప్పుడే గరుకుదనం వస్తోంది, మెల్లగా మీటితే శుభ్రంగానే ఉంటోంది. మీరు మార్చేముందు పెడల్ లోపల వోల్టేజ్ ఎంతో తెలుసుకోండి. కొన్నిటిలో 250, 300 వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇప్పుడు నా సెట్టింగ్ ఇది. మెడ పికప్ ఫేడర్ ఎప్పుడూ పైన. డ్రైవ్ ఛానెల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తాను. ఆ పని మెడ పికప్ చూసుకుంటుంది. తర్వాత డ్రైవ్‌ని, ఉందని తెలియకుండా, తీసేస్తే మాత్రం ఏదో పోయినట్టు అనిపించే చోట ఆపుతాను. డప్పు మీద నడిచే మాస్ పాటకి ఇంకో నాలుగు గీతలు పెంచుతాను. నెమ్మదైన ఆరాధన పాటకి పూర్తిగా దించేస్తాను. వాల్వు పుట్టించే, 41కి మూడు, నాలుగు రెట్లైన 123, 164 హెర్ట్జ్ స్వరాల వల్ల సబ్‌వూఫర్ లేని చిన్న స్పీకర్లలో కూడా చెవి ఆ 41ని ఊహించుకుంటుంది. మొన్న రిసెప్షన్ వీడియో ఫోన్లో చూసి మా పిన్ని, "ఈసారి నీ గిటారు వినపడుతోందిరా" అంది. ఏడేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

ఈ పద్ధతికి వెళ్ళేవాళ్ళు వై వైరు (స్టీరియో ప్లగ్ నుంచి రెండు వైర్లుగా చీలేది) రెండు దగ్గర పెట్టుకోండి. స్టీరియో జాక్‌లో మామూలు వైరు పెడితే రింగు గ్రౌండ్‌కి తగిలి బ్రిడ్జి పికప్ మూగబోతుంది. గత డిసెంబరులో క్రిస్మస్ ఆరాధనకి నా వై వైరు ఇంట్లోనే ఉండిపోయింది. మెడ పికప్ ఒక్కదానితోనే రాత్రంతా వాయించాను. ఇప్పుడు రెండో వైరు, ఒక స్పేర్ వాల్వు గిటార్ బ్యాగ్ లోపలి అరలోనే ఉంటాయి.